వేషమును వ్రతమును



మతచిహ్నములు, వేషము, బాహ్యాచారములు ఆత్మోన్నతికి ఎంతవఱకు తోడ్పడు నను విషయమునుగూర్చి మాటలాడుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము గాము. శాస్త్రచర్చ చేయుటకు మాకు శక్తి లేదు. ఐనను ఈ విషయము రేపటి తీర్మానములలో నొకదానితో ముడివడి యున్నది గావున ఊరకుండుట తగదని యంగీకరించితిమి. ఆ తీర్మాన మేదియో మీ రెఱుగుదురు. జందెము లేని బాలురకు మన విద్యానిధినుండి సహాయ మీయవచ్చునా, కూడదా యనునది. దాని మాట కడపట చెప్పెదము.

ఈ యూర సభ జరుగుట యీ ప్రసంగమునకు మిగుల తగియున్నది. ద్వారకాతిరుమలకు రైలులో వచ్చు యాత్రికులు దిగునది యీ భీమడోలు స్టేషనులోనే గదా. నిన్నటి ప్రాతఃకాలమున మేమును ఆ ప్లాటుఫారముమీదనే దిగితిమి. మాతోగూడ దిగినవారిలో పసుపుబట్టలు కట్టి గోవిందమాల వేసికొన్నవారు కొందఱు. నుదుట నిండు తిరునామములు తీర్చుకొన్నవారు కొందఱు. మ్రొక్కు తీర్చుటకు జుట్టు పెంచిన పసిబిడ్డల నెత్తుకొన్న తల్లులు కొందఱు. వీరి వెనుక ముదుకపంచె కట్టిన ముసలివా డొకడు, బొట్టైన లేక, చంకలో సంచితో, కొండబస్సు ఎక్కడ నాగునో యడుగుచు పోవుచుండెను. వీరిలో స్వామికి దగ్గఱివా డెవడో మాకు తెలియలేదు. కాని వేషమును బట్టి లెక్కకట్టుటకు మాత్రము మా మనస్సు అప్పుడే మొదలుపెట్టినది. ఈ దుర్గుణము మాలో నున్నట్లు ముందుగనే యొప్పుకొనుచున్నాము.

మనము సాలీలము. వేషమును నిందించుటకు లోకములో నెవ్వరికైన నధికార ముండవచ్చును గాని మనకు లేదు. సన్న్యాసి కాషాయము, అర్చకుని పట్టుపంచె, పెండ్లిపీటలమీది మధుపర్కములు, కడపటి ప్రయాణమున కప్పు తెల్లగుడ్డ, ఇవన్నియు మన గుంటమగ్గములమీదనుండియే దిగినవి. మగ్గముమీద నున్నంతకాలము వానికి భేదము లేదు. పడుగు పడుగే, పేక పేకయే. రంగుతొట్టిలో మునిగి, ఒకని చేతికి పోయిన పిమ్మటనే యొకటి సన్న్యాసమును, మఱియొకటి సంసారమును అగుచున్నది. భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసి యిచ్చెనని మన కులపురాణము చెప్పుచున్నది. దేవతలకైనను మాన మాచ్ఛాదింప నొక బట్ట కావలసివచ్చెనని నమ్మిన కులములో పుట్టి, బట్ట వట్టిదని చెప్పుట యెట్లు?

శ్రావణపూర్ణిమను మనవారు నూలిపున్నమ యందురు. మా చిన్నతనమున మా తాతగారు ఆ పండుగకు ముందటిదినము జందెములు వడికెడివారు. నాలుగు వ్రేళ్లకు తొంబదియాఱు చుట్లు చుట్టిన నూలును మూడుపేటలుగ పేని, మరల మూడింతలు చేయవలయును. ఆ లెక్క తప్పరాదని ఆయన మూడుమాఱులు చూచుకొనెడివారు. ఆ లెక్కలో నుండునంతసేపు ఎవ్వరితోను పలికెడివారు కారు. వాకిట ఆడుకొను పిల్లలము గూడ నోరు మూసికొని కూర్చుండెడివారము. ఆచారమువలన ప్రయోజన మేమని యెవరైన నడిగినచో మాకు మొదట స్ఫురించునది ఆ పూటటి నిశ్శబ్దమే. ఏడాదికొకమా రైనను ఒక పెద్దమనుష్యుడు దారపుపోగును చూచుచు ఇంకేమియు తలపక కూర్చుండుట చిన్నపని కాదు. తరువాత మేము బజారులో కట్టలుగ దొరకు జందెములను కొని వేసికొనుట కలవాటుపడితిమి. దానివలన మా జందెమునకు లోపము రాలేదు. ఆ నిశ్శబ్దము మాత్రము పోయినది.

ఇంక కొండమీది సంగతి. స్థలపురాణమును మీరందఱును వినియే యుందురు. ద్వారకుడను మహర్షి తపస్సునకు మెచ్చి స్వామి పుట్టలో స్వయంభువుగ వెలసెను. మూర్తికి పైభాగము మాత్రమే కానవచ్చును. తక్కినది పాదములవఱకును పుట్టలోనే యున్నదని విశ్వాసము. నీరు పడినచో చీమలు వెడలివచ్చునని స్వామి కభిషేకము సైతము చేయరు. పాదపూజకు వీలులేక భక్తులు చింతిల్లుచుండగా శ్రీ రామానుజులవారు వచ్చి, స్వయంభూమూర్తికి వెనుక పూర్ణవిగ్రహమును ప్రతిష్ఠించిరని చెప్పుదురు. అందుచేతనే యొక్క విమానము క్రింద రెండు ధ్రువమూర్తులును, ఏట రెండు కల్యాణోత్సవములును, వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, జరుగుచున్నవి.

ఈ కథలో మాకు రెండు సంగతులు కనబడుచున్నవి. కన్నులకు కానరాని సగభాగమును గూడ కలిసియే దైవము సంపూర్ణమని రామానుజులవారికి తెలియక కాదు. ఐనను మనుష్యుని చేతిలోని పువ్వు పెట్టుటకు ఒక చోటు కావలయును. ఆ చోటే బాహ్యాచారము. అది అక్కఱలేదని చెప్పగలవారు మనలో నెందఱుందురో మాకు సందేహమే. రెండవ సంగతి యేమనగా, ఆచార్యులవారు పుట్టను త్రవ్వించి లోపల పాదము లున్నవో లేవో పరీక్షింపలేదు. మఱుగున నున్నదానిని మఱుగుననే యుంచిరి. మనము చేయునది యేమి? మన పూజకు చోటు వెదకికొనుట మాని, ప్రక్కవాని పుట్టను త్రవ్విచూచుటకు పలుగు పట్టుకొని పోవుచుందుము.

కామవరపుకోట ప్రక్కనున్న గుంటుపల్లి గుహలను చూచినవారు మనలో చాలమంది యుందురు. రెండువేల యేండ్లకు పూర్వమే బౌద్ధభిక్షువులు ఆ కొండను తొలిచి నివసించిరి. వారి వేషమును గూర్చిన యొక ముచ్చట వినయపిటకమున నున్నది. మగధదేశపు వరిచేలను, వాని గట్లను చూపి, భిక్షువుల చీవరమును గూడ అట్లే మళ్లుమళ్లుగా కుట్టించుమని బుద్ధుడు ఆనందునితో చెప్పెనట. ముక్కలుగ కోసిన గుడ్డకు సంతలో వెల యుండదు. దొంగయు దాని నాశింపడు. చలినుండి, యెండనుండి, దోమలనుండి కాచుకొనుటకును, మానము కాపాడుకొనుటకును మాత్రమే దీనిని ధరించుచున్నానని భిక్షువు బట్ట కట్టినప్పుడెల్ల తలచుకొనవలయునని నియమము. కొల్లేటి దోమల నెఱిగిన మనకు ఆ మాటలోని సత్యమును వేఱుగ వివరింప బనిలేదు. ఇక్కడ గమనింపదగిన దేమనగా, ఆ వేషము ధరించినవానికే పాఠము. చూచువాని కొఱకు కాదు.

వేమన యోగి బాహ్యాడంబరములను ఎట్లు దులిపివేసెనో తెలుగుదేశమున తెలియనివారు లేరు. బ్రౌనుదొర 1829 లో ఆ పద్యముల నచ్చొత్తించిన నాటినుండియు మన పిల్లలు వానిని వల్లించుచునే యున్నారు. మనమును విని నవ్వుచునే యున్నాము. కాని మనము నవ్వునది యెప్పుడును ఎదుటివాని బూడిదను చూచియే.

ఈ విషయమున మాకు మిక్కిలి దారిచూపినది గాంధిమహాత్ముని యాత్మకథ. ఆయన 1888 లో ఇంగ్లండునకు పోవుటకు ముందు శిఖను తీయించుకొనెను. తలపై నేమియు లేకున్నప్పుడు అచ్చటివారు చూచి నవ్వుదురేమో, అనాగరికుడనుకొందురేమో యను భయమే దానికి కారణమని ఆయనయే వ్రాసికొనెను. తరువాత 1893 లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా పట్టణమున కోట్సు అను క్రైస్తవమిత్రుడు ఆయన మెడలోని తులసిపూసలను చూచి, ఈ మూఢవిశ్వాసము నీకు తగదు, త్రెంపివేయుదునా యని యడిగెను. గాంధి యొప్పుకొనలేదు. ఆ పూసల రహస్యార్థము తనకు తెలియదనియు, ధరింపకున్న కీడు మూడునని తాను నమ్ముట లేదనియు, ఐనను తల్లి ప్రేమతో మెడలో వేసినదానిని తగిన కారణములేక త్రెంపననియు, కాలవశమున తనంతట తాను తెగిపోయినచో మఱియొకటి కోరననియు చెప్పెను.

అంతటితో కథ ముగియలేదు. 1915 లో హరిద్వార కుంభమేళాకు పోయినప్పుడు ఋషీకేశమున నొక స్వామి, గాంధికి శిఖయు యజ్ఞోపవీతమును లేకుండుట చూచి మిగుల నొచ్చుకొనెను. గాంధి ఆ రెంటికిని ఒకే సమాధానము చెప్పలేదు. శిఖను తాను భయపడి తీసివేసితిని గనుక, దానిని మరల పెంచుకొనుట కొప్పుకొనెను. జందెమును మాత్రము వేసికొన నిరాకరించెను. లెక్కలేనంతమంది హిందువులు అది లేకయే హిందువులై యుండగా తనకు మాత్ర మెందులకని ఆయన తలంపు. చూడుడు, ఒకే దినమున ఒకే మనుష్యుడు ఒక చిహ్నమును స్వీకరించి, ఇంకొకదానిని త్రోసివేసెను. వేషమును లెక్కచేయనివాడా యనిన, 1921 సెప్టెంబరు 22 వ తేదీని మధురలో చొక్కాయు టోపియు విడిచి కొల్లాయి కట్టినవాడును ఆయనయే. ఆయన చిహ్నమును చూడలేదు. దానిని విడుచుటకు గాని పట్టుటకు గాని తన మనస్సులో నున్న కారణమును చూచెను. భయముచేత విడిచినదానిని తిరిగి పట్టవలెను. తల్లి ప్రేమతో నిచ్చినదానిని ఎగతాళికి వెఱచి తీయరాదు. ఇతరులనుండి మనలను వేఱుచేసి పైకెత్తుటకు మాత్రమే పనికివచ్చుదానిని వేసికొననక్కఱలేదు. ఈ మూడింటిని ఆయన యెవరి మెడలోనో కాక తన మెడలోనే పరీక్షించుకొనెను.

జందెములు తీసివేసినవారు దీనికి లోబడలేదని యనుకొనరాదు. బ్రహ్మసమాజమున దేవేంద్రనాథ ఠాకూరు తన జందెమును తాను విడిచినవాడే. ఐనను విడువనివారిని ఆచార్యపీఠమునుండి దింపుట కిష్టపడలేదు. కేశవచంద్రసేనుని పక్షమువారు దింపితీరవలెననిరి. 1866 లో సమాజము రెండుగ చీలుటకు గల ముఖ్యకారణములలో నిదియొకటి. మెడలో దారము లేకుండుట గూడ నొక దారమై కూర్చుండెను.

మన కాలమున దీక్షలు పెరిగినవి. శబరిమలకు నల్లబట్టలు, బెజవాడ కనకదుర్గమ్మకు ఎఱ్ఱబట్టలు, గోవిందునికి పసుపుబట్టలు. కొందఱు చదువుకొన్నవారు వీనిని పరిహసింతురు. మేము పరిహసింపము. మండలకాలము, నలువదియొక్క దినములు, చన్నీటిస్నానము, నేలపడక, ఒంటిపూట భోజనము, మద్యమాంసములకు దూరము. సామాన్యునికిది యెంతటి సాధనయో! మా పొరుగున నున్న యొక గృహిణి తన భర్త దీక్షలో నున్న దినములలో మాతో నొక మాట చెప్పినది: “అన్నయ్యగారూ, ఈ నలభైరోజులూ మా ఇంట్లో సాయంత్రమైతే దీపం పెట్టుకుని పిల్లలు చదువుకుంటున్నారు. ఆ నల్లబట్ట ఏడాది పొడుగునా ఉండకూడదా అనిపిస్తుంది.” ఈ మాటలో వేషమునకు లభించిన మెప్పును గలదు, పడిన దెబ్బయు గలదు. ఆ నల్లబట్ట చేయగలిగినది సామాన్యము కాదు. నలువదిరెండవ దినమున దానిని మడిచి పెట్టెలో పెట్టినప్పుడు, దానితోపాటు మడిచి పెట్టునది యేమియో ఆ గృహస్థునకే తెలియవలయును. మనము పోయి యడుగరాదు. ఆయన భార్య యడుగవచ్చును.

ఇంక మా దోషము. గత సంవత్సరము మన విద్యానిధి ఉపసంఘమునకు కొల్లేటి ప్రాంతపు బాలు డొకడు అర్జీ పెట్టుకొనెను. పదవతరగతిలో మంచి మార్కులు వచ్చినవి. పాలిటెక్నిక్కులో సీటు దొరకినది. తండ్రి లేడు. ఉపసంఘములో మేమైదుగురము కూర్చుండి యుంటిమి. కాగితములన్నియు సరిగానే యున్నవి. మాలో నొకరు నియమావళిని తిరుగవేసి, “జందెం వేసుకున్నావా అబ్బాయీ?” యని యడిగిరి. బాలుడు తలవంచుకొని, “లేదండి. నూలిపున్నమకి సంఘంవాళ్లు వేశారండి. చేపల చెరువులో దిగి వల లాగే పనండి నాది. జందెంతో ఆ పని చెయ్యకూడదని మా అమ్మ తీయించి దేవుడి పటం దగ్గర పెట్టిందండి,” యనెను. వేసికొని ఫోటోతో రమ్మని చెప్పి పంపితిమి. వాడు మరల రాలేదు.

ఆ తల్లి చేసినపనిని విచారింపుడు. ప్రాణిని చంపి బ్రదుకవలసివచ్చిన చోట పవిత్రమైనది ఒంటిమీద నుండరాదని ఆమెకు తోచినది. జందెమునకు మన సంఘములో నింతటి గౌరవము చేసినవారిని మేమింకొకరిని చూడలేదు. ఆ యైదుగురి మెడలలోను ఆనాడు జందెము లుండెను. తక్కినవారి సంగతి చెప్పుటకు మాకు హక్కు లేదు. మా జందెమునకు మాత్రము బీరువా తాళపుచెవి వ్రేలాడుచుండెను. బాలుడు వెడలిపోవునప్పుడు అది మా చొక్కాక్రింద రొమ్మునకు చల్లగా తగులుచునే యుండెను. ఐనను మేము నోరు విప్పలేదు. నియమము నియమమే గదా యని సమాధానపడితిమి. వానికి చదువు ఒక సంవత్సరము పోయినది.

ఆ నిధికి మొట్టమొదట లక్షరూపాయలిచ్చినది ఒక వితంతువు. ఆమె పేరు చెప్పవలదని ఆమెయే కోరినది. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11 న. అప్పటి తెల్లచీరయు, ముండనమును మన యిండ్లలో పోయినవి. ఐనను ఈ సభాప్రారంభమున దీపము వెలిగించుటకు పసుపు కుంకుమలు గలవారినే పిలిచితిమి; ఆమె స్తంభము ప్రక్కన నిలుచుండి చూచినది. ఒక వేషమును తాను కోరి ధరించిన వేఱు. ఎవరో తీసివేసిన బొట్టును బట్టి ఆమె శుభాశుభములను లెక్కించుట వేఱు. దీనికి ఆధ్యాత్మికమను పేరు పెట్టుటకు మాకు నోరు రాదు.

పెద్దలు కొందఱు మాతో ననిరి: “నేడు జందెము, రేపు పండుగ, ఎల్లుండి కులదైవము. అన్నియు విడిచినచో మిగులున దేమి?” ఈ భయమును మేము తేలికగ చూడము. అంచు వదులైనచో బట్ట ప్రక్కనుండి పీచులూడునని నేతగానికి వేఱొకరు నేర్పవలెనా? మగ్గములు మూలబడి, మన బిడ్డలు దుకాణములకు, కచేరీలకు, దూరదేశములకు పోయిన యీ దినములలో, మనము సాలీలమని జ్ఞాపకముచేయు పోగు నూలిపున్నమనాటిదే యగుచున్నది. కావున ఆ వేడుక నిలువవలెననియే మా కోరిక. కాని యొక్కమాట. జరీయంచు చూచి చీరకు వెల యెక్కువ కట్టుదురు, నిజమే. ఆ చీర నాలుగు ఉతుకులకు చివికినచో అంచును మాత్రము కత్తిరించి దాచుకొందురు. దాచుకొనుటకే గాని కట్టుకొనుట కది చాలదు. బిడ్డల చదువు చినుగుచుండగా మనము అంచును కత్తిరించి దాచుకొనుచున్నాము.

కావున రేపటి సభలో మేము ప్రతిపాదించునది యిది. విద్యానిధి నియమావళినుండి యజ్ఞోపవీతధారణ యను మాటను తీసివేయవలయును. అర్జీదారుని చదువును, ఇంటి యాదాయమును మాత్రమే విచారింపవలయును. నూలిపున్నమనాటి జందెముల వేడుక యథాప్రకారము జరుగవలయును; వీలైనచో ఆనాడు వడికించుట తెలిసిన వృద్ధులను పిలిపించి, కోరిన పిల్లలకు తొంబదియాఱు చుట్ల లెక్క నేర్పింపవలయును. వచ్చినవారిని ఆదరింపవలయును, రానివారి పేర్లు వ్రాయరాదు. ముగింపు సమావేశమున దీపము వెలిగించుటకు స్తంభము ప్రక్కనున్న ఆ తల్లిని అధ్యక్షులవారే స్వయముగ పిలువవలయును.

మా బీరువా తాళపుచెవిని మొలత్రాటికి మార్చుకొంటిమి. బాలుని అర్జీ కార్యదర్శిగారి కట్టలోనే యున్నది. ఈ యేడు పాలిటెక్నిక్కులో చేరుటకు ఇంకను వ్యవధి గలదు. తీర్మానము నెగ్గినచో రేపటి సాయంకాలమే వాని యూరికి పోవుటకు ఏలూరునుండి బస్సు లెప్పుడెప్పు డున్నవో విచారించి యుంచితిమి. తోడు వచ్చువారెవరైన నున్నచో భోజనానంతరము మాతో చెప్పవలసినదిగా ప్రార్థన.